భుజం మీది గుడ్డ

మొన్నటి ఎన్నికల ముందు మా బాబాయి కండువా కప్పుకున్నాడు. ఈ ఒక్క మాటతో తెలుగువాళ్ళకు సంగతంతా తెలిసిపోతుంది. చలివేసి కప్పుకోలేదనీ, పెళ్ళిలో ఎవరో పెట్టింది కాదనీ, ఆయన ఒక పార్టీలో చేరాడనీ విడమరిచి చెప్పనక్కర్లేదు. పార్టీ మారితే కండువా మార్చాడంటాం. వదిలేస్తే కండువా తీసి పక్కన పెట్టాడంటాం. రాజకీయం మొత్తాన్ని మన భాష ఒక గుడ్డముక్క మీదికి తెచ్చి పెట్టింది.

మండల కేంద్రంలో ఒక కల్యాణ మండపంలో ఆ కార్యక్రమం. నేనూ వెళ్ళాను. వేదిక పక్కన ఒక కుర్రాడు ప్లాస్టిక్ సంచిలోంచి కండువాలు పదేసి చొప్పున తీసి ముంజేతి మీద వేసుకుని నిలబడ్డాడు. నాయకుడు ఒకటి అందుకుంటాడు, ఎదుటి మనిషి మెడలో వేస్తాడు, భుజం తడతాడు, ఫోటో దిగుతారు, ఇంకొకరు వస్తారు. బాబాయి వంతు వచ్చింది. వంగి మెడ చాచాడు. సేద్యం చేసుకునే మనిషి, ఒకరి ముందు తల వంచగా నేను ఏనాడూ చూడలేదు. నా గుండెలో ఏదో కలుక్కుమంది.

అదే కండువాతో ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఏప్రిల్ ఎండ. ముఖాన కారుతున్న చెమటను దాంతో తుడుచుకోబోయాడు. చెమట చెదిరిందే గానీ పోలేదు. మా నాయనమ్మ దగ్గరికొచ్చి దాని కొస పట్టుకుని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఆవిడకు తొంభై దగ్గర పడ్డాయి. చూపు మందగించినా గుడ్డ సంగతి వేళ్ళే చెబుతాయి.

"ఇదేం కండువారా? నీళ్ళు పీల్చదు," అంది.

లోపలికి వెళ్ళి తాతయ్య కండువా తెచ్చి ఇచ్చింది. తాతయ్య పోయి పన్నెండేళ్ళు. ఆ ఖద్దరు కండువా మాత్రం ఇంకా వాడుకలో ఉంది. ఒకప్పటి తెలుపు మజ్జిగ రంగుకు తిరిగింది, ఉతికి ఉతికి పసిపిల్ల చెంపలా మెత్తబడింది. బాబాయి దాంతో ముఖం తుడుచుకున్నాడు, మెడ వెనక తుడుచుకున్నాడు, మోచేతుల దాకా తుడుచుకుని ఆ తడిగుడ్డనే భుజాన వేసుకున్నాడు. పార్టీ కండువా కుర్చీ వీపు మీద నిగనిగలాడుతూ ఉండిపోయింది. ఆ పూట నుంచి నా మనసు ఆ రెండు గుడ్డల మధ్యే తిరుగుతోంది.

కండువా అసలు పనిగుడ్డ. పొలంలో తువ్వాలు, బజారుకు వెళ్ళేటప్పుడు కండువా, పెళ్ళిపీటల మీద ఉత్తరీయం. పిలుపు మారుతుంది, భుజం మారదు. ఎండలో తలపాగా, సంతలో మిరపనారు కట్టుకొచ్చే మూట, మధ్యాహ్నం చింతచెట్టు కింద పక్క, కొడవలి తగిలి వేలు తెగితే కట్టు. తాతయ్య డబ్బులు కూడా దాని కొసనే ముడివేసుకునేవాడు. ఆ ముడి విప్పి మాకు పావలా ఇచ్చేటప్పుడు అందులోంచి పొగాకు వాసన, చెమట వాసన కలిసి వచ్చేవి. మా వరకు ఐశ్వర్యానికి అదే వాసన.

ఇంత మామూలు గుడ్డను భుజాన వేసుకోవడం కూడా అందరికీ దక్కిన హక్కు కాదు. నల్లగొండ జిల్లాలో మా స్నేహితుడి ఊరికి వెళ్ళినప్పుడు వాళ్ళింట్లో ఒక పెద్దాయన తన చిన్నప్పటి సంగతి చెప్పాడు. "గడి ముంగట్నుంచి పోవాల్నంటే తువ్వాల సంకల వెట్టుకోవాలె, చెప్పులు చేతుల వట్టుకోవాలె. దొర అండ్ల లేకున్నా అంతే. గడికే దండం," అన్నాడు. కాసేపు ఆగి, "సంగం వచ్చినంక తువ్వాల భుజం మీది కెక్కింది," అన్నాడు. ఆంధ్ర మహాసభను తెలంగాణ పల్లెలు సంగం అనే పిలిచాయి. 1946 నుంచి 1951 దాకా సాగిన రైతాంగ పోరాటం గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. భూముల లెక్కలూ ప్రాణాల లెక్కలూ వాటిలో చూశాను. చంకలోంచి భుజం మీదికి తువ్వాలు ఎక్కడం ఎంత దూరమో ఆయన నోట విన్నాకే తెలిసింది.

అందుకే ప్రజల్లో తిరిగే మనిషి ఏం కట్టుకున్నాడన్నది నాకు చిన్న విషయం కాదు. మన దేశంలో బట్ట ఒంటిని కప్పడంతో ఆగలేదు. ఎవరు ఎంత పొడుగు కట్టాలో, ఎవరి భుజం మీద గుడ్డ ఉండొచ్చో, ఏ ఆడమనిషి ఏ కట్టు కట్టాలో కులమే నిర్ణయించింది. 1927 డిసెంబరులో మహద్‌లో అంబేద్కర్ తన సభకు వచ్చిన దళిత స్త్రీలకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పారు. మిమ్మల్ని చూడగానే అంటరానివాళ్ళని గుర్తుపట్టేలా చేస్తున్న ఆ చీరకట్టునూ ఆ బరువైన నగలనూ వదిలేయండని. వాళ్ళు వెంటనే కట్టు మార్చుకున్నారు. ఆయన సూటును ఇంగ్లీషు మోజు అనుకునేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. సంప్రదాయం ఏ గుడ్డతో మనిషిని తక్కువ చేసిందో, ఆ గుడ్డను ఆయన ఒంటి మీద ఉండనివ్వలేదు. ఇవాళ మన పల్లెల్లో నీలం సూటుతో, చేతిలో పుస్తకంతో నిలబడ్డ ఆ విగ్రహం పక్కనుంచి వెళుతూ ఎవరూ తువ్వాలు చంకలో పెట్టుకోరు.

గాంధీ దారి వేరు. ఆయనకు తొడుక్కోవడానికి అన్నీ ఉన్నాయి. లండన్‌లో బారిష్టరు చదువు చదివి సూటూ బూటూ అలవాటైన మనిషి. 1921 సెప్టెంబరు 22న మదురైలో చొక్కా, టోపీ వదిలి కొల్లాయి మీదికి వచ్చారని అందరికీ తెలుసు. దానికి ముందు మన వాల్తేరు ఉందన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. సెప్టెంబరు 14న ఆయనతో కలిసి ప్రయాణం చేస్తున్న మౌలానా మహమ్మద్ అలీని వాల్తేరు స్టేషన్‌లో అరెస్టు చేశారు. గాంధీ కళ్ళెదుటే తీసుకుపోయారు. తర్వాత సభలో మాట్లాడుతున్నప్పుడే టోపీ, చొక్కా తీసేద్దామనిపించిందని, అదొక తమాషాలా కనిపిస్తుందేమోనని వెనక్కి తగ్గానని గాంధీ తర్వాత రాశారు. నేను ఆయనలో ఇక్కడే పెద్దమనిషిని చూస్తాను. నలుగురి ముందు చొక్కా విప్పితే చప్పట్లు వస్తాయని తెలిసీ ఆగారు. ఎనిమిది రోజులు ఆ ఆలోచనను లోపల మోశారు. విదేశీ బట్ట తగలబెట్టండి అంటే, ఖద్దరు కొనే డబ్బులేని వాడు ఏం కట్టుకోవాలన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. మోకాళ్ళ పైకి వచ్చిన ఆ కొల్లాయి ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చింది. ఫోటో కోసం వచ్చింది కాదు.

ఆ రోజుల్లోని ఇంకో సంగతి నన్ను మరీ పట్టుకుంటుంది. 1924 బెళగావి సమావేశంలో కాంగ్రెసు సభ్యత్వానికి ఒక నియమం పెట్టారు. సభ్యుడిగా ఉండాలంటే నెలకు 2,000 గజాల నూలు ఇవ్వాలి. ఇప్పటి లెక్కన 1,800 మీటర్ల పైమాటే. ఆ నియమం ఎక్కువ కాలం నిలవలేదు, నిలవడం కష్టం కూడా. అయినా ఆ ఊహ ఎంత గొప్పదో చూడండి. పార్టీలో చేరదలచిన వాడు నూలు తెచ్చి ఇవ్వాలి, వీలైనంత వరకు తన చేత్తో వడికినదే. వేళ్ళు నొప్పి పుట్టాలి, దారం తెగాలి, మళ్ళీ అతకాలి. ఇప్పుడు పార్టీయే మన మెడలో గుడ్డ వేస్తోంది. అది ఎక్కడ నేశారో వేసినవాడికీ తెలియదు, వేయించుకున్నవాడికీ తెలియదు. ఇచ్చే చెయ్యి పుచ్చుకునే చెయ్యిగా మారిన ఈ వందేళ్ళ కథను ఎవరైనా రాస్తే అదే మన ప్రజాజీవితపు అసలు చరిత్ర అవుతుంది.

ఖద్దరు అనగానే నాకు 1923 కాకినాడ కాంగ్రెసు గుర్తొస్తుంది. ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ళ పిల్ల వాలంటీరుగా నిలబడింది. టిక్కెట్టు లేనివాళ్ళను లోపలికి పంపవద్దని ఆమెకు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. దగ్గర టిక్కెట్టు లేదు. ఆ పిల్ల వెళ్ళనివ్వలేదు. చివరికి నిర్వాహకులు రెండణాలు పెట్టి టిక్కెట్టు కొన్నాకే పక్కకు జరిగింది. ఆ పిల్లే తర్వాతి దుర్గాబాయ్ దేశ్‌ముఖ్. రాజ్యాంగ సభలో కూర్చున్న మనిషి. ఈ కథను ఆమె ధైర్యానికి గుర్తుగా చెబుతుంటారు, అది నిజమే. నేను మాత్రం ఆ గుమ్మాన్ని చూస్తాను. ఖద్దరు ఉన్న చోట ఎంత పెద్దవాడైనా రెండణాలు కట్టి లోపలికి రావాలన్న నియమం ఆనాడు పద్నాలుగేళ్ళ పిల్లకు కూడా సహజంగా తోచింది.

ఖద్దరు అన్న ఆ మాట ఇవాళ ఏమైపోయిందో చూస్తే బాధేస్తుంది. 'ఖద్దరు చొక్కాలు' అంటే రాజకీయ నాయకులని అర్థం, ఆ అనడంలో గౌరవం లేదు. ఖద్దరూ ఖాకీ కలిసిపోయాయని జనం అంటే, ఎక్కడో ఎవరికో అన్యాయం జరిగిందని అర్థం. సినిమాల్లో తెల్ల ఖద్దరు తొడిగిన మనిషి తెరమీదికి రాగానే ప్రతినాయకుడని పిల్లలు కూడా చెప్పేస్తారు. సైమన్ కమిషన్ దేశానికి వచ్చిన 1928 ఫిబ్రవరిలో మద్రాసులో తుపాకుల ముందు చొక్కా తెరిచి గుండె చూపిన ప్రకాశం పంతులు తొడుక్కున్నదీ ఆ గుడ్డే. బారిష్టరుగా మద్రాసులో బాగా ఆర్జించి, అన్నీ ఖర్చుపెట్టుకుని, చివరికి చేతిలో ఏమీ లేకుండా 1957లో వెళ్ళిపోయిన మనిషి. ఒకే గుడ్డ ఆయన ఒంటి మీద ఒకలా, మనం వార్తల్లో చూసే కొందరి ఒంటి మీద ఒకలా ఎలా కనిపిస్తోంది? గుడ్డ తప్పేం లేదు.

తెలుపు గురించి కూడా ఒక మాట చెప్పాలి. నాయకుడి చొక్కా మల్లెపువ్వులా ఉంటుంది, ఇస్త్రీ మడత నలగదు. ఆ తెలుపు దానంతట అది రాదు. మా ఊళ్ళో తాతయ్య పంచెలు ఉతికే ఆమె వాటిని పొయ్యిమీద బానలో ఉడకేసి, రేవు బండమీద బాది, నీలిమందు నీళ్ళలో ముంచి, పలచని గంజి పెట్టి, రెండు కొసలూ పట్టి దులిపి ఆరేసేది. దులిపినప్పుడు ఫెళ్ళుమని చప్పుడొచ్చేది. ఆవిడ చేతివేళ్ళ సందులు ఎప్పుడూ పాచి తెల్లగా ఉండేవి. తాతయ్య పండక్కి కొత్త పంచెల చాపు తెచ్చుకుంటే ఆమెకూ ఒక చీర తెచ్చేవాడు. అది దానం కాదని, తన తెలుపులో ఆమెకు వాటా ఉందని నాతో అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు.

పంచె కట్టడం నాకు నేర్పింది కూడా తాతయ్యే. నా పెళ్ళికి వారం ముందు వసారాలో నిలబెట్టి నేర్పాడు. అంత పొడుగు గుడ్డను నడుం వెనకనుంచి తీసుకొచ్చి, రెండు అంచులూ సమానంగా చూసుకుని, బొడ్డు దగ్గర బిగించి ముడి. ఎడం చేతి కొసను సన్నగా మడిచి కాళ్ళ మధ్యనుంచి వెనక్కి తీసి గోచీ దోపడం. కుడి కొసను వేళ్ళతో కుచ్చిళ్ళు పోసి ముందు దోపడం. కుచ్చిళ్ళు విసనకర్రలా విచ్చుకోవాలి, అంచు పాదం మీద ఆగాలి, నేల రాయకూడదు. నాలుగుసార్లు జారిపోయింది. ఐదోసారి ఆయన మోకాళ్ళ మీద కూర్చుని నా కుచ్చిళ్ళు సర్ది, "ఇప్పుడు పరిగెత్తు," అన్నాడు. పరిగెత్తాను. ఊడలేదు. "కట్టుకుంటే పనిచేసుకునేలా ఉండాలి. నిలబడడానికే అయితే దేవుడి విగ్రహానికి కడతాం," అన్నాడు. ఇప్పుడు పెళ్ళిళ్ళకు అతికించుకునే పట్టీలున్న రెడీమేడ్ పంచెలు దొరుకుతున్నాయి. వాటిని నేను తప్పుపట్టను. కానీ ఆ వసారాలో గడిచిన గంట ఏ కొట్లోనూ దొరకదు.

పరిగెత్తడానికి వీలైన ఆ కట్టును మన కాలంలో జనం మధ్యకు మళ్ళీ తెచ్చిన వాడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి. 2003 ఏప్రిల్ 9న చేవెళ్ళలో మొదలుపెట్టి ఇచ్ఛాపురం దాకా దాదాపు 1,500 కిలోమీటర్లు మండుటెండల్లో నడిచారు. ఎం.బి.బి.ఎస్. చదివిన డాక్టరు, తెల్ల పంచెకట్టులో చేలగట్ల మీద రైతుల పక్కన కూర్చుంటే ఆ పంచె వేషం అనిపించలేదు. ఆయన రాజకీయాన్ని మెచ్చనివాళ్ళు కూడా పంచెకట్టు అనగానే ఆయన్నే తలుచుకుంటారు. అంతకు ఇరవై ఏళ్ళ ముందు ఎన్.టి. రామారావు చైతన్యరథం మీద ఖాకీ బట్టలతో ఊరూరా తిరిగారు. వెండితెర మీద కిరీటాలూ పీతాంబరాలూ ధరించిన మనిషి పనివాడి రంగు వేసుకుని వచ్చాడు. ఆ తర్వాత ముఖ్యమంత్రిగా కాషాయం కట్టారు. బట్టకు జనం మనసులో ఎంత బలముందో ఆయనంత తెలిసిన నాయకుడు మనకు లేడు. అదే చేత్తో ఆయన పేదలకు తగ్గింపు ధరకు జనతా చీరలు, పంచెలు ఇప్పించారు. నాకు కాషాయం కన్నా ఆ జనతా చీరే పెద్దదిగా కనిపిస్తుంది. పి.వి. నరసింహారావు తెల్ల పంచె, లాల్చీ, కండువాతో మాటా మంతీ లేకుండా ఢిల్లీలో కూర్చుని దేశం దారి మార్చారు. ఉపరాష్ట్రపతి అయ్యాక కూడా వెంకయ్యనాయుడు తన తెల్లచొక్కా, పంచె మార్చుకోలేదు.

పంచెకు ఇంకా అవమానాలు మిగిలే ఉన్నాయి. 2014లో చెన్నైలో ఒక క్లబ్బులో పుస్తకావిష్కరణ సభకు వచ్చిన హైకోర్టు జడ్జిని పంచె కట్టుకున్నారని గుమ్మం దగ్గరే ఆపేశారు. ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి నియమం అది. ఆ తర్వాతి నెలలోనే తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. పంచె కట్టుకున్న మనిషిని లోపలికి రానివ్వకపోతే శిక్ష. వాళ్ళ పట్టుదల చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. మనకు ఇంకా అలాంటి చట్టం చేసుకోవాలన్న ఆలోచనే రాలేదు.

అన్ని సంప్రదాయ దుస్తులూ తెల్లగా ఉండవు. గద్దర్ వేదిక ఎక్కితే ఆచ్ఛాదన లేని ఛాతీ, గోచీ, భుజాన నల్ల గొంగడి, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కర్ర ఉండేవి. ఇంజనీరింగులో చేరి, బ్యాంకులో పనిచేసిన మనిషి గొర్రెలకాపరి గొంగడి వేసుకున్నాడు. ఆ గొంగడి దక్కనీ గొర్రె ఉన్నితో చేసింది, చలికీ వానకూ ఒకటే దుప్పటి. దాన్ని వేదిక మీద చూసినప్పుడు, వేలమంది తమ ఇంటి మూల నుంచి ఎవరో లేచి వచ్చి పాడుతున్నట్టు ఊగిపోయేవాళ్ళు. ఆ గొంగడిని ఆయనకు ఎవరూ కప్పలేదు.

ఆడవాళ్ళ సంగతి వేరు. మగవాళ్ళు ఇంట్లో ప్యాంటూ సభలో పంచే కట్టుకుంటారు. ఆడవాళ్ళకు వంటింట్లోనూ అసెంబ్లీలోనూ అదే చీర. అయినా అందరి కళ్ళూ చీర మీదే. నిర్మలా సీతారామన్ నరసాపురం కోడలు. ఆవిడ బడ్జెట్ చదివిన ప్రతి ఏడాదీ ఏ చీర కట్టారన్నది వార్తవుతుంది. 2019లో మంగళగిరి, 2021లో పోచంపల్లి, 2024 జులైలో మళ్ళీ మంగళగిరి. ఒక ఆర్థికమంత్రి లెక్కల కన్నా ఆమె కొంగు మీద ఎక్కువ మాటలు ఖర్చుపెట్టడం నాకు నచ్చదు. మగ మంత్రుల చొక్కా గుడ్డ ఏ ఊరిదో ఎవరూ అడగరు. కానీ ఆ పుణ్యమా అని ఒక్క పూటైనా దేశమంతా మంగళగిరి పేరు పలికింది. పోచంపల్లిలో నూలుకు ముడులు వేసి రంగులద్దేవాళ్ళకు, ఒక్కో చీర కోసం చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పుతూ ఆసు పోసే తల్లులకు, వాళ్ళు చేసింది టీవీలో కనిపించింది. ఆ తల్లుల భుజాల నొప్పి చూసి చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి తన తల్లి లక్ష్మి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

బాబాయి మెడలో పడిన గుడ్డ దగ్గరికి మళ్ళీ వస్తాను. అది పాలిస్టరు. ఎన్నికలొస్తే సిరిసిల్ల మరమగ్గాలు రాత్రింబవళ్ళు తిరుగుతాయి. అన్ని పార్టీల జెండాలూ కండువాలూ అక్కడ ఒకే పైకప్పు కింద తయారవుతాయి. ఆ పనివాళ్ళ నోటి దగ్గర కూడు తీసే మాట నేను అనను. సిరిసిల్ల కష్టాలు తెలిసినవాడెవడూ అనడు. అక్కడ నేసిన బతుకమ్మ చీరలతో 2017 నుంచి కొన్నేళ్ళు ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది. లక్షల కండువాలు చేనేతలో నేయించాలంటే డబ్బూ చాలదు, రోజులూ చాలవు. అది కూడా నాకు తెలుసు. జాతీయ జెండాకే ఆ కట్టుబాటు పోయింది. చేత్తో వడికి చేత్తో నేసిన గుడ్డే జెండా కావాలన్న పాత నియమాన్ని 2021 డిసెంబరు 30న సడలించి పాలిస్టరునూ యంత్రాన్నీ అనుమతించారు. ఇంటింటా జెండా ఎగరడం మంచిదే. ఆ ఎగిరే గుడ్డలో చెయ్యి లేకపోవడం నాకు వెలితి.

నేను అడిగేది చాలా చిన్నది. జనానికి కప్పేది ఏదైనా కానివ్వండి. కప్పే నాయకుడి సొంత భుజం మీద ఉన్నదైనా చేనేతది కావాలి. ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవమని ఫోటోలు దిగే భుజం మిగతా రోజుల్లో కూడా ఆ బరువు మోయాలి. మన రెండు రాష్ట్రాల్లో మంత్రులు, ఎమ్మెల్యేలు, సర్పంచులు, వార్డు మెంబర్లు అందరినీ కలుపుకుంటే ఎన్ని భుజాలు! ఒక్కొక్కరూ ఏడాదికి రెండు కండువాలు కొన్నా ఎన్ని మగ్గాలకు పని!

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు ఎలా పుడుతుందో ఒకసారి చూసి వచ్చినవాళ్ళు నా మాట కాదనరు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. ఆ ఎముకకు దువ్వెనలాంటి సన్నటి పళ్ళుంటాయి. ఆడవాళ్ళు నేలమీద కూర్చుని ఒక్కో గింజ చుట్టూ ఉన్న దూదిని ఆ పళ్ళతో దువ్వి, నలుసు లేకుండా తీసి, ఏకులు చేసి, రాట్నం మీద వడుకుతారు. వెంట్రుక కన్నా సన్నంగా సాగే ఆ దారం తెగకుండా ఉండాలంటే ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకోవాలి. అలాంటి పంచెను అక్కినేని నాగేశ్వరరావు ఎంతో ఇష్టంగా కట్టుకునేవారు. చేప దవడ నుంచి మనిషి నడుం దాకా వచ్చిన ఆ గుడ్డకు ఎంత ధర పెట్టినా అది కూలీయే, ఖరీదు కాదు.

ఎన్నికలయ్యాయి. బాబాయి పార్టీ గెలిచిందో ఓడిందో ఇక్కడ అవసరం లేదు. దసరాకు ఆయనకు ఒక కండువా పెడదామని మంగళగిరి వెళ్ళాను. తెలిసినవాళ్ళ ద్వారా ఒక నేతగాడి ఇంటికి చేరాను. ముందుగదిలో సగం గుంట మగ్గమే. ఆయన గుంటలో కాళ్ళు దించి కూర్చుని నాడె విసురుతున్నాడు. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు, ప్రతి విసురుకూ అచ్చు వచ్చి పోగును దగ్గరకు కొడుతోంది. ఆ చప్పుడు ఆ వీధి మొత్తానికి గుండెచప్పుడు. ఆయన భుజం మీద ఒక తువ్వాలు ఉంది, చిరిగి కుట్టిన తువ్వాలు. నుదుటి మీద చెమట పట్టినప్పుడల్లా నాడె ఆపకుండానే భుజానికి ముఖం వంచి తుడుచుకుంటున్నాడు.

"ఒక్క కండువా నెయ్యడం కుదరదండీ," అన్నాడు. "పడుగు పోసి మగ్గం మీదికి ఎక్కించామంటే ఇరవై అయినా దిగాలి. లేకపోతే పడుగే దండగ."

అక్కడే మెట్ల మీద కూర్చుని ఫోన్లు చేశాను. బాబాయికి, ఇద్దరు మేనమామలకు, మా అన్నయ్యకు, వేర్వేరు పార్టీల్లో ఉన్న స్నేహితులకు. ఎవరూ కాదనలేదు. ఒకాయన తనకు రెండు కావాలన్నాడు. గంటలో ఇరవై లెక్క తేలింది. లోపలికి వెళ్ళి చెప్పాను. ఆయన ముఖం వెలిగింది, వాళ్ళావిడను పిలిచి చెప్పాడు. ఆవిడ రంగునూలు కండెలున్న బుట్ట తెచ్చి నా ముందు పెట్టింది.

"అంచు ఏ రంగు వెయ్యమంటారు?" అని అడిగింది.

నేను వెంటనే చెప్పలేకపోయాను. పసుపు ఉంది. గులాబీ ఉంది. నీలం, ఆకుపచ్చ, కాషాయం, ఎరుపు. అన్నీ పొద్దున లేస్తే మనం చూసే రంగులే, పూలవీ పొలాలవీ. ఏది పట్టుకున్నా ఎవరిదో ఒకరి జెండా చేతికి వచ్చినట్టుంది. ఇంతమందిలో ఎవరికి ఏది ఇవ్వను? బుట్ట అడుగున ఒక కండె కనిపించింది. నేరేడుపండు రంగు.

"ఇది వెయ్యండమ్మా," అన్నాను.

ఆవిడ ఆ దారం కొసను లాగి, గుమ్మంలో వెలుతురుకు పట్టి చూసింది. "తెలుపు మీద బాగా లేస్తుంది," అంది. ఆయన మగ్గంలోంచే తలెత్తాడు.

"మొదట్లో గంజికి కొంచెం బిరుసుగా ఉంటుందండీ. రెండుసార్లు ఉతికించండి. అప్పుడు నీళ్ళు బాగా పీలుస్తుంది."